అడ్మిషన్ రిజిస్టర్లో కోటేశ్వరరావులు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకీ, కింద కూర్చున్న మా పిల్లలకీ. పిల్లలంటున్నా గానీ మీలో సగం మందికి నాకంటే ముందే జుట్టు తెల్లబడింది, ఏమనుకోకండి. ఆ మైకు కాస్త కీచుమంటోంది, ఎవరన్నా చూడండయ్యా.

నన్ను విలువల మీద మాట్లాడమన్నారు. భోజనాల ముందు విలువల గురించి చెప్తే ఎవరూ వినరు, ఆ సంగతి నాకు ముప్పై మూడేళ్ల సర్వీసులో బాగా తెలిసొచ్చింది. అందుకని పేర్ల గురించి మాట్లాడతా. పోయిన వారం హెడ్మాస్టరు గారిని బతిమాలి బీరువాలో ఉన్న పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీయించా, అట్టలు ఊడిపోయి పురికొసతో కట్టి ఉన్నాయి, కొన్ని పేజీలు చెదలు తినేశాయి, మిగిలినవి రెండ్రోజులు కూర్చుని చదివా. పుట్టినతేదీలు వదిలేయండి, సగం మంది జూన్ జూలైల్లోనే పుట్టారు, బళ్లో వేసే రోజున నోటికొచ్చిన తేదీ వేసేవాళ్లు కదా. ఉత్త పేర్లు చదివా.

1984లో నేను ఇక్కడ తెలుగు పండిట్‌గా చేరిన మొదటి రోజు, ఎనిమిది 'బి'లో హాజరు వేస్తూ "కోటేశ్వరరావు" అన్నా. ఐదుగురు ఒకేసారి "ఎస్సార్" అన్నారు. సరే ఇంటిపేరుతో పిలుద్దాం అంటే ఇద్దరికి ఇంటిపేరు కూడా ఒకటే, అన్నదమ్ముల పిల్లలు. వాళ్లే నాకు దారి చూపించారు, సార్ వీడు పెద్ద కోటి, వాడు చిన్న కోటి, అడుగో ఆ చివర వాడు కాలవగట్టు కోటి, వాళ్ల నాన్న రేడియోలు బాగుచేస్తాడు కాబట్టి వీడు రేడియో కోటి అని. అమ్మాయిల వరసలో కోటేశ్వరి, కోటమ్మ, కోటిరత్నం వేరే. రేడియో కోటి వచ్చాడా? ఆ, చెయ్యెత్తాడు. కూర్చో నాయనా.

ఎందుకొచ్చారు ఇంతమంది కోటేశ్వరరావులు అంటే, అదిగో ఆ కిటికీలోంచి చూడండి, కొండ కనపడుతోంది కదా. కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి దక్కకపోయినా ఆ కొండకే మొక్కు, పుడితే ఆయన పేరే పెడతాం సామీ అని. శివరాత్రి తిరునాళ్లకి ప్రభ కడతామని మొక్కేవాళ్లు కూడా ఉంటారు, ఆ వారం మన బళ్లో ఎవడుంటాడు చెప్పండి, నేనూ బెంచీలూ తప్ప.

అందుకే నేనంటాను, అప్పటి పేరు మనిషికి పెట్టింది కాదు, ఊరికి పెట్టింది. పేరు చెప్పగానే ఈ పిల్లాడు ఏ కొండ కింద పుట్టాడో చెప్పేయొచ్చు. ఒకసారి విశాఖపట్నంలో ట్రైనింగ్‌కి వెళ్తే అక్కడి మేస్టార్ల పేర్లు అప్పలనాయుడు, అప్పలరాజు, సింహాచలం, అంతా సింహాద్రి అప్పన్న పుణ్యం. విజయనగరం వాళ్లయితే పైడితల్లమ్మ పేరున పైడిరాజు, అనకాపల్లి వైపు నూకాలమ్మ పేరున నూకరాజు, నూకరత్నం. నెల్లూరు వైపు పెంచలయ్య అంటే పెంచలకోన. కర్నూలు వైపు మద్దిలేటి, ఈరన్న. మా వియ్యంకుడు గారు కూడా టీచరే, భువనగిరి దగ్గర చేశారు, ఆయన రిజిస్టర్ నిండా యాదగిరి, యాదయ్య, యాదమ్మ, ఆ గుట్ట నరసింహస్వామి. వేములవాడ వైపు వెళ్తే రాజన్న, రాజేశం, మేడారం వైపు సమ్మయ్య, సారయ్య, సమ్మక్క. మస్తాను అనే పేరుంది చూడండి, అది దర్గా మొక్కు, మన బళ్లో మస్తాన్‌వలీ ఉన్నాడు, మస్తాన్‌రావూ ఉన్నాడు, ఇద్దరూ ఒకే బెంచీ, ఒకడిది నమాజు ఇంకొకడిది సంధ్యాదీపం, మొక్కు మాత్రం ఒకటే.

ఇంకొన్ని పేర్లు చదువుతుంటే మనసు అదోలా అయిపోయింది. పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది మనకి. ముందు పుట్టిన వాళ్లు ఇద్దరో ముగ్గురో పోతే ఆ తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, లేదా తిన్న పుల్లి విస్తరాకుల్లో దొర్లించి తెచ్చుకునేవాళ్లు. ఇది మాకు అక్కర్లేని బిడ్డ, పారేస్తే దొరికింది అని మృత్యువుని నమ్మించడానికి. తెలంగాణలో భిక్షపతి అన్నా దగ్గర దగ్గర అదే ఆలోచన, అడుక్కుంటే దక్కిన బిడ్డ. ఎగతాళి పేరు కాదండి అది. ఆ తల్లి ఎంత భయపడి పెట్టుకుందో ఆ పేరు.

అయితే పాత పేర్లన్నీ ముద్దుగా ఉండేవని నేను అనను. పేరు ఒకటే అయినా పిలుపు ఒకటి కాదు. ఒక వీధి రామయ్య రామయ్యగారు, ఇంకో వీధి రామయ్య రామిగాడు. రిజిస్టర్లో కూడా ఆ తేడా పడింది, 1950ల పేజీల్లో కొందరి పేరు చివర 'గారి కుమారుడు' అని రాసి ఉంది, కొందరికి వట్టి మూడక్షరాలు. ఆ వట్టి మూడక్షరాల ఇళ్లల్లోంచి వచ్చిన పిల్లలకే తర్వాత రోజుల్లో ప్రసాద్, కుమార్, బాబు వచ్చాయి. కొన్ని పేర్లు మా టీచర్లు పెట్టినవే. బళ్లో వెయ్యడానికొచ్చిన తండ్రి "మీరే ఏదో మంచి పేరు రాయండయ్యా" అంటే హెడ్మాస్టరు కలం పట్టుకుని ఒక నిమిషం ఆలోచించి రాసేవారు. అలా రాసిన పేరుతోనే ఈ రోజు ఒకరు మన స్టేజీ మీద కూర్చున్నారు, ఎవరో చెప్పను, ఆయనే నవ్వుతున్నారు.

ఇక తాత పేర్లు. నా సంగతే చెప్తా. నాకు మా నాన్నగారి తండ్రి పేరు పెట్టారు. మా అమ్మ జన్మలో నన్ను పేరు పెట్టి పిలవలేదు, మామగారి పేరు నోట అనకూడదు కదా, "అబ్బాయ్" అనేది అంతే. తిట్టడానికి అసలే లేదు, నాయనమ్మ వసారాలో చెవులు రిక్కించి కూర్చునేది. అందుకని నన్ను తిట్టాల్సినవన్నీ మా అమ్మ గేదెదూడని తిట్టేది. నన్ను ఒకటో తరగతిలో వెయ్యడానికి తీసుకెళ్తే పంతులుగారు పేరేంటమ్మా అన్నారు. మా అమ్మ తలొంచుకుని "ఏడుకొండలవాడి పేరండీ" అంది. తిరుపతయ్యా? కాదండి. గోవిందయ్యా? కాదండి. శ్రీనివాసులా? ఊహూ. ఆయనకి విసుగొచ్చి వెంకటేశ్వర్లా అంటే అప్పుడు తలూపింది. అలా వెంకటేశ్వర్లునయ్యా నేను. మా తాత వెంకటేశ్వర్లు, నేను వెంకటేశ్వర్లు, మా అబ్బాయి శ్రీనివాస్. దేవుడు మారలేదు, ఫ్యాషన్ మారింది.

శ్రీనివాస్ అంటే గుర్తొచ్చింది, 1980ల రిజిస్టర్లు తెరిస్తే అదొక వరద. కోటేశ్వరరావుల కాలం వెళ్లి శ్రీనివాసుల కాలం వచ్చింది. దాని వెనకే రమేష్, సురేష్, మహేష్, రాజేష్, నరేష్. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములుంటే రమేష్ సురేష్ మహేష్, అక్కచెల్లెళ్లయితే రమ ఉమ సుమ, హోంవర్క్ పుస్తకాలు తారుమారయ్యేవి. కానీ ఒకటి గమనించండి, శ్రీనివాస్ అంటే ఏ ఊరో తెలీదు, ఏ కులమో తెలీదు, ఇటు శ్రీకాకుళం నుంచి అటు ఆదిలాబాద్ దాకా అదే పేరు. వినడానికి బోర్ కొట్టే పేరే గానీ నాకు మాత్రం ఆ పేరంటే గౌరవం. హాజరు పిలిచినప్పుడు ఎవరి వీధి ఏదో వినపడకుండా పోయింది అంటే అది చిన్న విషయం కాదు.

పేరు పెట్టే చెయ్యి కూడా అప్పుడే మారింది. అంతకుముందు నాయనమ్మ, మొక్కు. ఆ తర్వాత సినిమా హాలు, వారపత్రిక. రాజకీయం పెట్టిన పేర్లు ముందునుంచీ ఉన్నాయనుకోండి, ఈ పల్నాట కమ్యూనిస్టు ఇళ్లల్లో లెనిన్, స్టాలిన్ ఉన్నారు, నాస్తికుడు గోరా గారైతే ఉప్పు సత్యాగ్రహం ఏడాది 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు, తొమ్మిదో సంతానానికి నౌ అన్నారు. అంత ధైర్యం మనకెక్కడిది. మనవాళ్లు వాణిశ్రీ, జయప్రద, జయసుధ అని పెట్టుకున్నారు. తమాషా ఏంటంటే ఆ పేర్లు ఆ హీరోయిన్లకి కూడా అమ్మానాన్నలు పెట్టినవి కాదు, సినిమావాళ్లు పెట్టినవి, వాణిశ్రీ గారి అసలు పేరు రత్నకుమారి. చిరంజీవి గారు కూడా శివశంకర వరప్రసాదే కదా. ఆయన పేరు పెట్టుకున్న మన స్టూడెంట్ ఒకడి పెళ్లి శుభలేఖ నాకొచ్చింది, 'చి. చిరంజీవి' అని అచ్చేశారు. అచ్చుతప్పేమో అని రెండుసార్లు చదివా.

1986లో విజయచందర్ గారు షిరిడీ సాయిబాబాగా వేసిన సినిమా వచ్చింది, ఊరూరా గుళ్లు కూడా లేచాయి. ఆ తర్వాత పుట్టిన వాళ్లు బళ్లోకి వచ్చేసరికి సాయికుమార్, సాయికిరణ్, సాయికృష్ణ, సాయితేజ, సాయిలక్ష్మి, సాయిదుర్గ. క్లాసులో "ఒరే సాయీ" అంటే మూడు వరసలు తిరిగి చూసేవి. అప్పుడు మళ్లీ పొట్టి సాయి, కళ్లజోడు సాయి. అంటే కోటిగాళ్ల దగ్గరికే వచ్చాం, కొండ ఒక్కటే మహారాష్ట్రకి మారింది.

ఆడపిల్లల పేర్లు ఇంకా తొందరగా మారాయి. సుబ్బమ్మ, వెంకాయమ్మ పోయి విజయలక్ష్మి, నాగమణి, వాళ్ల తర్వాత సుజాత, కవిత, అనిత, వాళ్ల తర్వాత స్వాతి, శిరీష, మౌనిక, ఆ తర్వాత హారిక, భవ్య. మగపిల్లాడి పేరు మీద తాతకి హక్కు ఉంది కాబట్టి అక్కడ లాగులాట, ఆడపిల్ల పేరు దగ్గర తల్లికి కొంచెం స్వేచ్ఛ. నేను అలా అనుకుంటున్నా, తప్పయితే అమ్మాయిలు చెప్పండి.

ఇప్పటి పేర్ల గురించి నన్ను అడగొద్దు, అయినా చెప్తా. రిత్విక్, కృతిక్, శ్రీహాన్, విహాన్, జశ్విత, ధన్విక. కొన్ని బావున్నాయి, కొన్నిటికి అర్థం ఏంటని తల్లిదండ్రులు నాకే ఫోన్ చేసి అడుగుతారు, పెట్టేశాక. నిఘంటువులో లేదమ్మా అంటే "నెట్లో ఉంది సార్, విష్ణువు అని ఉంది" అంటారు. నెట్లో అన్ని పేర్లకీ అర్థం విష్ణువే. వీళ్లు మాత్రం ఏం చేస్తారు పాపం, మొదటి అక్షరం నక్షత్రం ప్రకారం రావాలి, పెద్దగా ఎవరికీ లేని పేరు కావాలి, అమెరికా టీచర్ నోరు తిరగాలి. హస్తా నక్షత్రానికి పంచాంగంలో అక్షరాలు చూడండి, పూ, షం, ణ, ఠ. ముప్పై మూడేళ్లు తెలుగు చెప్పిన నన్ను 'ణ'తో మొదలయ్యే పేరు చెప్పమంటే నేను సెలవు చీటీ పెడతా. ఆర్ద్రకైతే 'ఙ' కూడా ఉంది.

ఇంకో రకం ఉన్నారు, పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా, పంపే టైముకి వస్తారు. సార్, న్యూమరాలజీ ఆయన ఇంకో 'ఎ' కలపమన్నాడు అని. తెలుగులో రాస్తే ఆ పేరు అదే, పిలిస్తే అదే, ఇంగ్లీషులో మాత్రం ఒక అక్షరం లావెక్కుద్ది. ఆధార్లో ఒకటి, టీసీలో ఒకటి, మెమోలో ఒకటి అయితే తర్వాత గెజిట్ చుట్టూ తిరగాలి బాబూ అని చెప్తే "పిల్లాడి భవిష్యత్తు కదా సార్" అంటారు. ఆ పిల్లాడికేమో లెక్కల్లో ముప్పై దాటదు, ఆ 'ఎ' వచ్చినా దాటలేదు.

మా మనవరాలు డాలస్ దగ్గర ఉంది. పేరు ఆద్య. అక్కడ ఆదివారం తెలుగు నేర్పే క్లాసుకి వెళ్తుంది, పోయిన సంవత్సరం నేను వెళ్లినప్పుడు చూద్దామని వెనక కూర్చున్నా. ఆ టీచరమ్మ హాజరు వేస్తూ "ఆద్యా" అంది. నలుగురు చేతులెత్తారు. నాకు నవ్వాగలేదు. ఎవ్వరికీ లేని పేరు కావాలని మా కోడలు రెండు నెలలు వెతికింది మరి. టీచరమ్మ వాళ్లని ఆద్య ఆర్, ఆద్య కె అని పిలుస్తోంది, పిల్లలు మాత్రం వాళ్లలో వాళ్లు వేరే పెట్టుకున్నారు. మా దాన్ని పింక్ వాటర్‌బాటిల్ ఆద్య అంటారట.

సరే, వంటవాళ్లు చెయ్యూపుతున్నారు, పప్పు చల్లారిపోతోందట. నా చేతిలో 1984 ఎనిమిది 'బి' లిస్టు ఉంది, రిజిస్టర్ చూసి రాసుకొచ్చా. ఒక్కసారి హాజరు వేసేసి దిగిపోతా. గట్టిగా చెప్పండి, నాకు కుడిచెవి సరిగ్గా వినపడట్లేదు. కోటేశ్వరరావు... ఒక్కొక్కరు, ఒక్కొక్కరు!