ఏ పెయింట్‌కి ఏ స్ప్రే గన్? కొనేముందు మీ కంప్రెసర్ గాలి కొలవండి

నమస్కారం అండి. ముందు ఈ బల్ల మీద ఉన్నవి చూడండి. ఇది కరెంటు గన్, ప్లగ్గు పెడితే పనిచేసేది. ఇవి రెండూ కంప్రెసర్ గన్‌లు, ఒకటి పై కప్పు, ఒకటి కింది కప్పు. అదిగో, అక్కడ చిన్న బండిలా ఉంది కదా, అది ఎయిర్‌లెస్. తమ్ముడూ, కెమెరా కొంచెం అటు తిప్పు... ఆఁ, అదే. ఇంకా ఇది టెక్స్చర్ కొట్టే హాపర్ గన్, దీనికి ఒక్క ముక్క చాలు: ఇసుక, గింజ ఉన్న మెటీరియల్‌కి ఇది తప్ప వేరేది వాడకండి, మూతి చూడండి ఎంత వెడల్పో.

నాకు రోజూ వచ్చే ఫోన్ ఒకటే. "అన్నా, మంచి గన్ ఏదో చెప్పు." నేను తిరిగి మూడు అడుగుతాను. ఏ పెయింటు? ఎంత పని? మీ దగ్గర గాలి ఎంత? మొదటి రెండింటికీ టకటకా చెప్పేస్తారు. మూడోదానికి ఆగిపోతారు. నేను కూడా ఒకప్పుడు అక్కడే ఆగినవాణ్ణి, దానికి మూడు రోజుల పని పోగొట్టుకున్నాను కూడా. అది తర్వాత చెప్తా.

ముందు పెయింటు సంగతి గబగబా చూసేద్దాం. పల్చటి పెయింటుకి చిన్న నాజిల్, చిక్కటి పెయింటుకి పెద్ద నాజిల్, అంతే. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్, మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) క్లియర్ లాంటి చెక్క పాలిష్‌లకి 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల నాజిల్. గేట్లకీ గ్రిల్స్‌కీ కొట్టే ఎనామెల్‌కి 1.5 నుంచి 1.8. సర్ఫేసర్, ప్రైమర్‌కి 1.8 పైన, 2 అయితే హాయి. ఇదిగో నాజిల్ మీదే అంకె ఉంటుంది, కనిపిస్తోందా? తుడవాలి, పాత పెయింట్ అంటుకుంది. ఆఁ, 1.4.

చిక్కదనం ఎలా తెలుస్తుంది? ఈ కప్పు చూడండి, ఫోర్డ్ కప్పు బి4 అంటారు. అడుగున 4 మిల్లీమీటర్ల రంధ్రం. నిండా పోసి, వేలు తీసి, ధార తెగేదాకా సెకన్లు లెక్కపెట్టడమే. ఎనామెల్ నేను 22 సెకన్ల దగ్గర ఆపుతాను. పీయూ అయితే 18, 20. మా షెడ్డులో పెద్దాయన ఒకరున్నారు, కర్ర ముంచి పైకెత్తి, ధార చూసి "ఇంకో గరిటె థిన్నర్ పొయ్యి" అంటారు. కప్పు పెట్టి కొలిస్తే 20కి ఒక సెకను అటో ఇటో ఉంటుంది. మనకి అంత చెయ్యి రాలేదు కాబట్టి కప్పు కొనుక్కోండి. కరెంటు గన్‌తో కూడా ఒక ప్లాస్టిక్ కప్పు ఇస్తారు, చాలామంది దాన్ని పారేస్తారు. పారేయకండి.

సరే, కరెంటు గన్. ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లకి ఇది బాగానే ఉంటుంది. గేటు, గ్రిల్, కుర్చీ, కిటికీ ఊచలు. బ్రష్ పట్టుకుని ఆ డిజైన్ గ్రిల్ సందుల్లో తిప్పే బాధ తప్పుతుంది. గోడకి ఎమల్షన్ కొట్టొచ్చా అంటే... కొట్టొచ్చు, కానీ నీళ్లు ఎక్కువ కలపాలి, ఎక్కువ కలిపితే కింద రంగు కమ్మదు, రెండు కోట్లలో అయ్యేది నాలుగు పడుతుంది. నన్నడిగితే గోడకి రోలరే. డబ్బా వెనకాల బ్రష్‌కి ఎంత నీళ్లు, స్ప్రేకి ఎంత అని రాసి ఉంటుంది, అది దాటొద్దు.

ఒక్క జాగ్రత్త. ఈ కరెంటు గన్‌లో ఎన్‌సీ లాకర్, ఎన్‌సీ థిన్నర్ పోయకండి. లోపల మోటారుంది, దాని బ్రష్‌ల దగ్గర చిన్న నిప్పురవ్వలు వస్తుంటాయి. ఎన్‌సీ థిన్నర్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. దీంతో వచ్చిన పుస్తకంలో ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి అంటుకునే వేడి, ఎంతకంటే తక్కువ ఉంటే వాడకూడదో రాసి ఉంటుంది, అది చదవండి. చిన్న అక్షరాలే, కానీ చదవండి.

ఇప్పుడు కంప్రెసర్ గన్‌లు. పై కప్పు, కింది కప్పు, ఏది? పై కప్పుదాన్ని గ్రావిటీ అంటారు, పెయింటు దానంతటదే దిగుతుంది, చివరి చుక్కదాకా వాడుకోవచ్చు, రంగు మార్చినప్పుడు కడగడం సులువు. ఫర్నిచర్ పని నేను మొత్తం దీంతోనే చేస్తాను. కింది కప్పుది ఎక్కువ పెయింటు పడుతుంది, పక్కన పెడితే నిలబడుతుంది, పెద్ద గేటుకి మాటిమాటికీ నింపుకోనక్కర్లేదు. కానీ చెయ్యి లాగేస్తుంది. అంతే తేడా, దీని గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లున్నారు, వదిలేయండి.

వాదించుకోవాల్సింది ఇక్కడ. ఇది నిదానంగా చూడండి, వెనక్కి తిప్పి మళ్లీ చూసినా ఫర్వాలేదు.

కొన్నేళ్ల కిందట టేకు వార్డ్‌రోబ్ ఒకటి ఒప్పుకున్నాను, ఎనిమిది తలుపులు, పీయూ ఫినిషింగ్. పని బాగా రావాలని కొత్తగా హెచ్‌వీఎల్‌పీ గన్ కొన్నాను. అంటే ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్. గన్ మూతి దగ్గర గాలి ప్రెషర్ 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్లు) మించదు, అందుకే పెయింటు గాల్లోకి లేచిపోదు, చెక్క మీదే పడుతుంది, వృథా తక్కువ. గన్ మంచిదే. మొదటి తలుపు పైనుంచి మొదలుపెట్టా, అబ్బ, అద్దంలా పడింది. సగానికి వచ్చేసరికి గింజగింజగా, నారింజ తొక్కలాగా. ఎక్కడో తప్పు జరిగిందనుకుని థిన్నర్ పెంచా. కారిపోయింది. థిన్నర్ మార్చా. అదే కథ. పెయింటు డబ్బా మార్చా. అదే కథ. ఆరాక రుద్దడం, మళ్లీ కొట్టడం, మళ్లీ రుద్దడం. మూడు రోజులు. ఇంటాయన వచ్చి చూసి ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది.

తప్పు పెయింటులో లేదు. గాలిలో ఉంది. ఆ గన్ 12 సీఎఫ్‌ఎమ్ గాలి తాగుతుంది, అంటే నిమిషానికి 12 ఘనపుటడుగులు. నా దగ్గరున్నది ఒక హెచ్‌పీ కంప్రెసర్, 50 లీటర్ల ట్యాంకు. దాని పలక మీద 6 సీఎఫ్‌ఎమ్ అని ఉంది. ఆ 6 కూడా నిజం కాదు. అబద్ధమూ కాదనుకోండి, అది పిస్టన్ కదిలే లెక్క. బయటికి మన చేతికొచ్చే గాలి దానికంటే తక్కువ.

మరి చేతికి ఎంతొస్తోందో ఎలా తెలుస్తుంది? మీరే కొలవొచ్చు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ఇప్పుడు చేసి చూపిస్తా. పైపు పీకేశాను. ట్యాంకులో గాలి ప్రెషర్ 4 కేజీల కంటే, అంటే చదరపు సెంటీమీటరుకి 4 కేజీల కంటే, కిందికి వదిలేశాను. ఇప్పుడు ఆన్. ముల్లు చూడండి, 4 దగ్గరికి రాగానే స్టాప్‌వాచ్ నొక్కుతా... నొక్కా. 7 కేజీలకి ఆపుతా. ఈ గోల కొంచెం భరించండి, ఇక్కడ వీడియో ముందుకి జరుపుతున్నా.

7. ఆపాను. నిమిషంన్నర. లెక్క చూడండి. ట్యాంకు 50 లీటర్లు, పెరిగింది 3 కేజీలు. ఒక కేజీ పెరిగిందంటే ట్యాంకు నిండా ఇంకో 50 లీటర్ల బయటి గాలి లోపలికి వెళ్లినట్టు. 50 ఇంటూ 3, నూట యాభై లీటర్ల గాలి. అది నిమిషంన్నరలో వచ్చింది, అంటే నిమిషానికి 100 లీటర్లు. ఒక సీఎఫ్‌ఎమ్ అంటే 28 లీటర్ల పైచిలుకు. కాబట్టి మూడున్నర సీఎఫ్‌ఎమ్. పలక మీద 6, చేతికి మూడున్నర.

గన్ అడిగేది 12, అంటే నిమిషానికి 340 లీటర్లు. కంప్రెసర్ ఇచ్చేది 100. మిగతా 240 ట్యాంకులో దాచుకున్న గాలి నుంచి పోవాలి. 7 నుంచి 3 దాకా వాడుకోవచ్చు అనుకుంటే దాచుకున్నది 200 లీటర్లు. అంటే 50 సెకన్లు. యాభై సెకన్లు! అందుకే తలుపు సగం అద్దంలా, సగం నారింజ తొక్కలా వచ్చింది. షాపులో గన్ అమ్మినాయన ఈ మాట చెప్పలేదు, నేను కూడా అడగలేదు.

కాబట్టి గన్ కొనేముందు దాని పెట్టె మీద సీఎఫ్‌ఎమ్ అంకె చూడండి, మీ కంప్రెసర్‌ది ఇలా కొలవండి, తర్వాత డబ్బు తీయండి. ఒక హెచ్‌పీ కంప్రెసరే ఉందంటే, ఎల్‌వీఎల్‌పీ అని గన్‌లు వస్తున్నాయి, తక్కువ గాలితో సరిపెట్టుకుంటాయి. లేదా ఇదిగో ఈ చిన్న టచప్ గన్. హెచ్‌వీఎల్‌పీయే కావాలంటే పెద్ద కంప్రెసర్ ఉండాల్సిందే.

ఇంకోటి, ప్రెషర్ సెట్ చేసేటప్పుడు గన్ ట్రిగర్ నొక్కి పట్టుకుని ముల్లు చూడండి. నొక్కకుండా చూస్తే 3 కేజీలు, నొక్కగానే ఒకటిన్నర. సన్న పైపు పొడుగ్గా వేస్తే ఇంకా పడిపోతుంది. నేను లోపలి కొలత 8 మిల్లీమీటర్ల పైపే వాడతాను. గన్ పిడి కింద ఈ చిన్న గేజ్ కూడా పెట్టుకుంటా, ఇది చాలా ఇష్టం నాకు, దీని లింక్ అడగకండి, ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక ఎయిర్‌లెస్. పేరులోనే ఉంది, గాలి లేదు. పంపు పెయింటునే నేరుగా 3000 పీఎస్‌ఐ దాకా తోస్తుంది. నీళ్లు కలిపీ కలపకుండానే ఎమల్షన్ పడుతుంది. టిప్ మీద 517 అని రాసుంది, చూడండి. మొదటి అంకె 5ని రెట్టింపు చేయండి, 10. అడుగు దూరం నుంచి కొడితే 10 అంగుళాల పట్టీ పడుతుంది. తర్వాతి 17 అంటే రంధ్రం అంగుళంలో వెయ్యింట 17 వంతులు. గోడ ఎమల్షన్‌కి 517 సరిపోతుంది. తలుపుల ఎనామెల్‌కి 311, 313. మీ మిషన్ ఎంత పెద్ద టిప్ దాకా లాగుతుందో పుస్తకంలో ఉంటుంది, అది దాటితే తోకలు పడతాయి, పట్టీకి రెండు చివర్లా గీతలు గీతలుగా. ఆ గీతలు కొత్తగా వస్తే టిప్ అరిగిందేమో కూడా చూడండి.

ఎవరికి పనికొస్తుంది? కొత్త అపార్టుమెంటు, లోపల సామాను లేదు, టైల్స్ పడలేదు, అలాంటప్పుడు దీన్ని మించింది లేదు. జనం ఉంటున్న ఇంట్లో ఒక్క గది కోసమైతే దండగ. ఫ్యాను, స్విచ్చులు, కిటికీలు, మంచం అన్నింటికీ పేపరు అతికించేసరికి రోలర్‌తో పని అయిపోతుంది.

ఎయిర్‌లెస్ టిప్ ముందు వేలు పెట్టకండి. శుభ్రం చేసేటప్పుడైనా సరే, ముందు ప్రెషర్ వదలండి, ట్రిగర్ లాక్ వేయండి. ఆ ధార చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. బయటికి చీమ కుట్టినంత గుర్తే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండకపోవచ్చు. పసుపు రాసి పని చేసుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఏ మిషన్, ఏ పెయింటు అని డాక్టరుకి చెప్పండి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది.

మాస్క్ గురించి కూడా. పీయూలో హార్డెనర్ కలుపుతాం కదా, అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చెడ్డది. కర్చీఫ్ కట్టుకుంటే ఏమీ ఆగదు. కార్ట్రిడ్జ్ మాస్క్, ఇదిగో ఇది. గడ్డం పెంచినవాళ్లకి మొహానికి సరిగా అతుక్కోదు, నేను అందుకే తీసేశా. మా ఆవిడకి నచ్చలేదు.

సరే, ఇప్పుడు ఈ తలుపుకి కొట్టి చూపిస్తా. ఎన్‌సీ లాకర్, 1.4 నాజిల్, పై కప్పు, ట్రిగర్ నొక్కినప్పుడు 2 కేజీలు. ముందు అట్టముక్క మీద... పట్టీ సమానంగా ఉంది. చెక్కకి జానెడు దూరం, ప్రతి గీత ముందుదాని మీద సగం పడాలి. ఇలా. అంచు దాటాక ట్రిగర్ వదలాలి, మధ్యలో కాదు.

అరె, మబ్బు పట్టేసింది. మా విజయవాడలో ఇదే తంటా. చెమ్మ గాలిలో ఎన్‌సీ లాకర్ కొడితే పాలు కలిపినట్టు తెల్లబడిపోతుంది. కొద్దిగా రిటార్డర్ థిన్నర్ కలిపితే ఆలస్యంగా ఆరి తెలుపు తగ్గుతుంది కానీ, వాన మొదలైతే అదీ ఆపదు. తమ్ముడూ, కెమెరా అక్కడ పెట్టేసి ఈ తలుపు లోపలికి పట్టు. రెండో కోటు రేపు కొడదాం.