‘ఎల్ అందిందా?’: ఒక్క ప్యాకెట్టులో పట్టే ప్రశ్న

అక్క: నమస్కారం. అక్కా తమ్ముళ్ళ పాడ్‌కాస్టుకు స్వాగతం. కొత్తగా వింటున్నవారికి రెండు ముక్కలు. నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నెట్‌వర్క్స్ పాఠం చెబుతాను. ఎదురుగా కూర్చున్న మా తమ్ముడు ఇంకో కళాశాలలో కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ఈ రోజు అయ్యగారు ముఖం మాడ్చుకుని వచ్చారు.

తమ్ముడు: మాడ్చుకోక ఏం చేయమంటావు అక్కా? నిన్న రాత్రి మా ల్యాబ్ సారుకు సందేశం పెట్టాను. చూశారు. బదులు లేదు.

అక్క: ఏమని పెట్టావో చదువు, అందరూ విననీ.

తమ్ముడు: "సార్, నా ప్రోగ్రాం కనెక్ట్ కావడం లేదు."

అక్క: అంతేనా?

తమ్ముడు: పది నిమిషాలు చూసి "సార్?" అని పెట్టాను. ఇంకో పది నిమిషాలకు ల్యాప్‌టాప్ తెరను ఫోనుతో ఫొటో తీసి పంపాను. ఆ తర్వాత మళ్ళీ "సార్", మళ్ళీ "సార్".

అక్క: పాపం ఆయన! సరే, ఈ రోజు వేరే అంశం అనుకున్నాం కానీ దీన్నే తీసుకుందాం. నీ సందేశంలో ఉన్న తప్పులన్నీ ఇంటర్నెట్ కూడా ఒకప్పుడు చేసింది. దానికి బుద్ధి వచ్చింది, నీకు ఇంకా రాలేదు.

తమ్ముడు: మొదలుపెట్టింది మా అక్క.

అక్క: ముందు ఒకటి చెప్పు. "కనెక్ట్ కావడం లేదు" అన్నావు. తెర మీద కనిపించిన మాట అదేనా?

తమ్ముడు: అలాంటిదే. ఎర్రర్ ఏదో వచ్చింది.

అక్క: ఏదో అంటే? "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వచ్చిందా, "టైమ్‌డ్ అవుట్" అని వచ్చిందా?

తమ్ముడు: రెండూ ఒకటే కదా? కలవలేదు, అంతే.

అక్క: ఒకటి కాదురా. నువ్వు ఒక అపార్ట్‌మెంటుకు వెళ్ళావనుకో. వాచ్‌మన్ లేచి వచ్చి "301లో ఎవరూ లేరండీ" అన్నాడు. అది రెఫ్యూజ్డ్. అంటే చిరునామా సరైనదే, దారీ బాగానే ఉంది, ఆ యంత్రం ప్రాణంతోనే ఉంది. నువ్వు అడిగిన పోర్టులో, అంటే ఆ 301 లాంటి గది నంబరులో, మాత్రం నీ పిలుపు వినేవాళ్ళు లేరు. ఆ సంగతి అది నీకు కబురు పంపి మరీ చెప్పింది. టైమ్‌డ్ అవుట్ అంటే అలా కాదు. గేటు దగ్గర నిలబడి పిలుస్తూనే ఉన్నావు, లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. చిరునామా తప్పు కావచ్చు, మధ్యలో కాపలా కాసే ఫైర్‌వాల్ నీ ప్యాకెట్లను, అంటే నువ్వు పంపే సమాచారపు ముక్కలను, సద్దు లేకుండా మింగేస్తూ ఉండవచ్చు. ఒకదానికి సర్వర్ ప్రోగ్రాంలో వెతకాలి, రెండోదానికి దారిలో వెతకాలి.

తమ్ముడు: నాకు వెంటనే వచ్చింది. కనురెప్ప వేసే లోపు.

అక్క: అయితే రెఫ్యూజ్డ్ అయి ఉండాలి. టైమ్‌డ్ అవుట్ కావాలంటే లినక్సులో మామూలుగా రెండు నిమిషాల పైన పడుతుంది. చూశావా, "వెంటనే వచ్చింది" అన్న ఒక్క మాటతో సగం అనుమానాలు పోయాయి. ఆ మాట నీ సందేశంలో లేదు. యంత్రం స్పష్టంగానే చెప్పింది, మధ్యలో నువ్వే మింగేశావు.

తమ్ముడు: నన్ను ఫైర్‌వాల్ అంటున్నావా?

అక్క: (నవ్వు) నేను అనలేదు, నువ్వే అన్నావు. సరే, నీ సంగతి పక్కన పెట్టి 1969కి వెళ్దాం. అక్టోబర్ 29 రాత్రి, లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి ఒక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అదే రాష్ట్రంలో, అయిదు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో బిల్ డువాల్ ఇంకో కంప్యూటర్ దగ్గర ఉన్నాడు. ఇంటర్నెట్‌కు ముందు తరమైన ఆర్పానెట్ అనే నెట్‌వర్కు మీద మొదటి సందేశం పంపాలి. క్లైన్ "లాగిన్" అని ఇంగ్లీషులో ఒక్కో అక్షరం కొట్టడం మొదలుపెట్టాడు. ఎల్ కొట్టాడు, ఓ కొట్టాడు, జీ దగ్గరకు వచ్చేసరికి అవతలి యంత్రం కుప్పకూలింది. గంట తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తే పూర్తిగా కుదిరింది.

తమ్ముడు: ఇది మా పాఠ్యపుస్తకంలోనూ ఉంది. మొదటి సందేశం "లో".

అక్క: పుస్తకాలు ఎక్కువగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఆ ఇద్దరూ అంతసేపూ టెలిఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎల్ కొట్టి, "ఎల్ అందిందా?" అని అడగడం. అవతల నుంచి "అందింది" అనడం. నెట్‌వర్కు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంకో తీగ కావాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన టీసీపీని, అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నమ్మకంగా మాట్లాడుకునే పద్ధతిని చూడు, ఆ ఫోను సంభాషణనే నెట్‌వర్కు లోపలికి తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. విన్టన్ సర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో దాని రూపురేఖలు ప్రచురించారు. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం దానికి మారింది.

తమ్ముడు: త్రీ వే హ్యాండ్‌షేక్ గురించేనా? పరీక్షకు బొమ్మ గీసి మూడు బాణాలు వేస్తాం.

అక్క: బాణాలు వేస్తారు కానీ ఎందుకో అడగరు. బస్సులో కూర్చుని ఇంటికి ఫోను చేస్తే ఏమంటావు? "హలో, వినపడుతోందా?" అమ్మ, "ఆఁ, వినపడుతోంది. నా మాట వినపడుతోందా?" నువ్వు, "వినపడుతోంది, చెప్పమ్మా." మూడు మాటలు. రెండు వైపులా వినపడుతోందని ఇద్దరికీ తెలియాలంటే అంతకంటే తక్కువలో కుదరదు. కింద ప్యాకెట్లను మోసే ఐపీకి ఏ పూచీ లేదు కదా. పోవచ్చు, రెండుసార్లు రావచ్చు, వెనకది ముందు రావచ్చు. ఆ నమ్మకం లేని దారి మీద నమ్మకంగా మాట్లాడుకోవాలంటే "అందింది" అనే మాట ఒక్కటే ఆధారం.

తమ్ముడు: మరి మా సారు "అందింది" అనలేదే!

అక్క: తప్పే, ఆయన పక్షాన నేను వాదించను. కానీ బదులు రాకపోతే నువ్వు ఏం చేశావు? ఆగకుండా "సార్, సార్" అని కొట్టావు. 1986 అక్టోబర్‌లో ఇంటర్నెట్ సరిగ్గా ఇదే చేసి దెబ్బతింది. బర్కిలీలో లారెన్స్ ప్రయోగశాలకూ పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం నాలుగు వందల గజాలు. మన వీధి చివర కిరాణా కొట్టు దాకా అనుకో. ఆ లంకె మీద వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది.

తమ్ముడు: నలభై వేలా?

అక్క: వేలు లేవు, నలభై. ఇప్పటి లెక్కలో సెకనుకు రెండు తెలుగు అక్షరాలు కూడా దాటవు. నడిచి వెళ్ళి చెప్పి వచ్చినా అంతకంటే ముందే అయిపోతుంది.

తమ్ముడు: తీగ తెగిందా?

అక్క: తీగకేమీ కాలేదు. దారిలో రద్దీ వల్ల "అందింది" అనే కబురు ఆలస్యమైంది. పంపిన యంత్రాలు ప్యాకెట్టు పోయిందనుకుని మళ్ళీ పంపాయి. దాంతో రద్దీ ఇంకా పెరిగింది, కబురు ఇంకా ఆలస్యమైంది, ఇంకోసారి పంపాయి. క్యూలో ఉన్నవాటిలో చాలా భాగం అప్పటికే ఒకసారి పంపినవే. వాన్ జాకబ్సన్ దాని మీద పనిచేసి 1988లో పరిష్కారం ప్రచురించాడు. మొదట కొంచెమే పంపు. "అందింది" అని వచ్చేకొద్దీ పెంచు. బదులు రాకపోతే వెనక్కి తగ్గు. మళ్ళీ పంపే ముందు ఆగే సమయాన్ని ప్రతిసారీ రెట్టింపు చెయ్యి. ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది.

తమ్ముడు: అంటే సారుకు మొదటి సందేశం పెట్టి గంట ఆగాలి, తర్వాత రెండు గంటలు, తర్వాత నాలుగు...

అక్క: రాత్రి పదకొండుకు పెట్టావు కాబట్టి తెల్లవారే దాకా ఆగినా బాగుండేది. ఇక ఆ ఫొటో. ఎంత సైజు?

తమ్ముడు: మూడు ఎంబీ ఉంటుంది.

అక్క: ఒక ఈథర్‌నెట్ ప్యాకెట్టులో పట్టేది 1500 బైట్లు. అందులో చిరునామాలు మోసే తలకట్లకు (హెడర్లకు) కొంత పోతుంది. నీ ఫొటోకు రెండు వేలకు పైగా ప్యాకెట్లు కావాలి. అందులో చదవగలిగింది ఒక్క వరుస, అది కూడా వంకరగా, ట్యూబులైటు వెలుగు పడి. దాన్ని ఎవరైనా కాపీ చేసుకుని వెతకగలరా? అదే వరుసను అక్షరాలుగా పంపితే ఒక్క ప్యాకెట్టులో నాలుగో వంతు కూడా నిండదు.

తమ్ముడు: తెలుగులో రాస్తే నిండుతుందేమో.

అక్క: అదీ లెక్క వేద్దాం. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. గుణింతం గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి. "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ, మొత్తం పన్నెండు బైట్లు. అయినా ఒక ప్యాకెట్టులో నాలుగు వందలకు పైగా గుర్తులు పడతాయి. మంచి ప్రశ్నకు అది బోలెడు చోటు. నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటి చెప్పనీ. మా తరగతిలో కొందరు ఇంగ్లీషు రాదని ఏడాదంతా నోరు తెరవరు. నెట్‌వర్క్స్‌లో ప్రశ్న అడగడానికి ఇంగ్లీషు ఎందుకు? ఎర్రర్ వచ్చిన వరుసను ఉన్నది ఉన్నట్టు అతికించు, మిగతాది తెలుగులో రాయి. చక్కటి ఇంగ్లీషులో "నా ప్రోగ్రాం పనిచేయడం లేదు" అని రాసినవాడి కంటే నువ్వే నయం.

తమ్ముడు: అడగడానికి భయం కూడా ఉంటుంది అక్కా. అందరూ ఉన్న గ్రూపులో తెలివితక్కువ ప్రశ్న అడిగామేమో అని.

అక్క: ఆ భయం ఇంటర్నెట్ కట్టినవాళ్ళకూ ఉంది. నిజం. ఇందాకటి లాస్ ఏంజలెస్ విశ్వవిద్యాలయంలోనే స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి ఉన్నాడు. నెట్‌వర్కు ఎలా పనిచేయాలో చర్చించే కాగితాల్లో మొదటిది, అంటే మొదటి ఆర్ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్), 1969 ఏప్రిల్ 7న రాసింది అతనే. రాత్రి పూట ఇంట్లో మిగతావాళ్ళ నిద్ర చెడగొట్టకుండా స్నానాల గదిలో కూర్చుని రాశానని తర్వాత చెప్పుకున్నాడు.

తమ్ముడు: స్నానాల గదిలోనా! మా హాస్టలే నయం.

అక్క: విద్యార్థులు నిబంధనలు రాస్తే పెద్దవాళ్ళు ఏమనుకుంటారో అని ఆ కాగితాలకు "నిర్ణయం" అని కాకుండా "మీ అభిప్రాయాలు చెప్పండి" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మూడో ఆర్ఎఫ్‌సీ ఇంకా ముచ్చటగా ఉంటుంది. నోట్సు నునుపుగా ఉండనక్కరలేదు, వేళకు వస్తే చాలు అంటుంది. కనీస నిడివి ఒక్క వాక్యం.

తమ్ముడు: ఆగు ఆగు! నాదీ ఒక్క వాక్యమే! వేళకూ పెట్టాను, నునుపు అసలే లేదు. క్రాకర్ లెక్కలో నేను పాసు.

అక్క: (నవ్వు) దొరికిపోయాను. కానీ వాక్యం చిన్నదైనా అందులో కొత్త సంగతి ఒకటి ఉండాలి కదా. నీ వాక్యం చదివాక మీ సారుకు కొత్తగా తెలిసింది ఏమిటి? నువ్వు ఇంకా మేలుకునే ఉన్నావని తప్ప! సరే, ఇక్కడే కూర్చుని మళ్ళీ రాయి. నీ ల్యాప్‌టాప్ తెరిచి, గుర్తున్నది కాకుండా కళ్ళకు కనిపించేది చదువుతూ రాయి.

తమ్ముడు: ఇప్పుడేనా? రికార్డింగులో?

అక్క: ఇప్పుడే. వినేవాళ్ళకు ఏమీ తొందర లేదు.

తమ్ముడు: సరే. (టైపు చేస్తున్న చప్పుడు) "సార్, ఇది మీరు ఇచ్చిన ఎకో సర్వర్. పంపిన మాటనే తిరిగి పంపాలి. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో 5000 పోర్టు మీద నడుపుతున్నాను. క్లయింట్‌ను కూడా అదే ల్యాప్‌టాప్‌లో నడిపితే బాగానే జవాబు వస్తోంది."

అక్క: ఇది నాకూ చెప్పలేదే! వినేవాళ్ళ కోసం, పలికే ప్రోగ్రాం సర్వర్, పిలిచేది క్లయింట్.

తమ్ముడు: నువ్వు అడగలేదు. "మిత్రుడి ల్యాప్‌టాప్ నుంచి నడిపితే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వెంటనే వస్తోంది. రెండూ నా ఫోను హాట్‌స్పాట్‌కే కలిపాం. అతని వైపు నుంచి పింగ్ చేస్తే బదులు వస్తోంది."

అక్క: బాగుంది. పింగ్ అంటే "ఉన్నావా?" అని అడిగే చిన్న పిలుపు. దానికి బదులు వచ్చింది కాబట్టి దారి మీద అనుమానం పోయింది. ఇంకా?

తమ్ముడు: "సర్వర్ తెరిచే వరుసలు కింద ఇస్తున్నాను." ఇదిగో, సాకెట్ వరుస... సర్వర్ ఏ చిరునామా మీద వినాలో చెప్పే బైండ్ వరుస... నూట ఇరవై ఏడు, సున్నా...

అక్క: ఆగిపోయావేమిటి?

తమ్ముడు: అక్కా, 127.0.0.1 అని రాశాను.

అక్క: అంటే?

తమ్ముడు: అంటే... అది ల్యాప్‌టాప్ తనను తాను పిలుచుకునే చిరునామా. ఇంట్లో వాళ్ళు పిలిస్తేనే పలుకుతానని. అందుకే నా క్లయింట్‌కు పలికింది. బయట నుంచి వచ్చినవాడికి వాచ్‌మన్ "ఎవరూ లేరు" అన్నాడు.

అక్క: నేను నోరు మెదపలేదు, అందరూ సాక్ష్యం.

తమ్ముడు: 0.0.0.0 పెడితే అన్ని వైపుల నుంచీ వింటుంది కదా? ఉండు, మార్చి నడుపుతాను. వాడు మేలుకునే ఉంటాడు, ఫోను చేస్తాను. (ఫోను మోగుతుంది) ఒరేయ్, ల్యాప్‌టాప్ తెరిచి ఉందా? నా హాట్‌స్పాట్ ఇంత దూరం రాదు, నిజమే... నువ్వు కిందే ఉన్నావా? మరి పైకి రావచ్చు కదరా! సరే, అక్కడి నుంచే కలువు. క్లయింట్ నడుపు. "హలో" అని కొట్టు.

అక్క: 1969లోనూ పక్కన ఫోను ఉంది.

తమ్ముడు: ఉష్! (ఫోనులో) కొట్టావా? నా తెర మీద... హెచ్ అందిందిరా! (నవ్వు) కాదు కాదు, అంతా ఒకేసారి వచ్చింది. నీకు తిరిగి వచ్చిందా?... వచ్చిందట అక్కా.

అక్క: మరి ఆ సందేశం?

తమ్ముడు: సారుకు పంపక్కరలేదుగా ఇక.

అక్క: పంపు. "దొరికింది సార్, 127.0.0.1 అని పెట్టాను" అని. నిన్న అయిదుసార్లు పిలిచావు, ఆయన ఇంకా నీ వైపు లంకె తెరిచే ఉంచి ఉంటారు. అలాగే ఆ అబ్బాయిని పైకి పిలువు, కాఫీ పెడతాను.