24 వోల్టుల డబ్బా, దాని చుట్టూ ఉన్న ప్యానెల్

అందరికీ నమస్కారం. ప్యానెల్ వైరింగ్ చేసేవాళ్లు, మెయింటెనెన్స్ చూసేవాళ్లు ఎక్కువగా ఉన్న సభ ఇది. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను. ప్యానెల్లో డిన్ రైల్ అనే లోహపు పట్టీ మీద బిగించే 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ గురించి, అంటే ఏసీ కరెంటును 24 వోల్టుల డీసీగా మార్చి ఇచ్చే డబ్బా గురించి ఈ పూట మాట్లాడుకుందాం. అది కాలిపోతే స్టోర్స్ నుంచి కొత్తది తెచ్చి అదే చోట బిగిస్తాం. ఆర్నెల్లు తిరక్కుండా అదీ పోతుంది. అప్పుడు తయారుచేసినవాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు మనదే. దాన్ని పెట్టిన చోట, ఇచ్చిన తీగ, ముందూ వెనకా పెట్టిన ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్), ఈ మూడింటిలో ఏదో ఒకటి దాన్ని చంపుతూ ఉంటుంది.

ముందు ప్రాణం సంగతి చూద్దాం. బయట 24 వోల్టులే కదా అని దీన్ని చులకనగా చూస్తాం. లోపలికి వెళ్లిన 230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయ్యాక 325 వోల్టుల డీసీ అవుతుంది. పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్ ఉన్నవాటిలో 380 నుంచి 400 దాకా ఉంటుంది. అదంతా ఒక పెద్ద కెపాసిటర్‌లో నిలిచి ఉంటుంది. బాగా పనిచేసే యూనిట్‌ను ఆపితే ఆ ఛార్జిలో చాలా భాగం లోడు తాగేస్తుంది. లోపల స్విచింగ్ ఆగిపోయి చచ్చిన యూనిట్‌లో తాగేవాళ్లెవరూ ఉండరు. పచ్చ దీపం వెలగదు గానీ 325 వోల్టులు చాలాసేపు అలాగే కూర్చుంటాయి. అందుకే పాడైన డబ్బా మూత తీయడమే మంచి డబ్బా మూత తీయడం కన్నా ప్రమాదం. మూత తీయకండి. టెర్మినల్ దగ్గర పని ఉంటే ఇన్‌పుట్ ఆపి, తాళం వేసి, ట్యాగ్ కట్టండి. మీటర్‌ను ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడండి, తర్వాత మీ టెర్మినల్ మీద, మళ్లీ కరెంటు ఉన్న చోట. నియాన్ టెస్టర్ వెలగలేదన్న నమ్మకంతో చెయ్యి పెట్టవద్దు.

ఎంత సైజు కావాలి? ఒక మామూలు మెషిన్ తీసుకుందాం. మెషిన్‌ను నడిపే కంప్యూటర్ పీఎల్‌సీ, దాని తెర హెచ్‌ఎంఐ కలిపి 1.5 ఆంపియర్లు. 0.2 ఆంపియర్ల వాల్వులు ఇరవై ఉంటే 4. సెన్సర్లు, రిలేలకు 1.2. మొత్తం 6.7. దీనికి 10 ఆంపియర్లది, అంటే 240 వాట్లది పెట్టాలి. ఎందుకో వేడి లెక్క చూస్తే తెలుస్తుంది.

ఈ 240 వాట్ల యూనిట్ సామర్థ్యం 90 శాతం అనుకుంటే, పూర్తి లోడులో 27 వాట్లు వేడిగా మారి ప్యానెల్లోనే ఉండిపోతాయి. రామగుండం, కొత్తగూడెం వైపు మే నెలలో షెడ్డులో 44 డిగ్రీలుంటే, పక్కన వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉన్న మూసిన ప్యానెల్లో 58 రావడం వింతేమీ కాదు. డేటాషీట్‌లో చివరి పేజీల్లో ఒక వాలు గీత ఉంటుంది, ఎవరూ చూడరు. చాలా మోడళ్లలో 50 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 2.5 శాతం తగ్గించుకోమని దాని అర్థం. కొన్నింటిలో 60 దాకా తగ్గింపు ఉండదు. మీ మోడల్‌ది మీరే చూసుకోవాలి. 58 దగ్గర 8 డిగ్రీలు ఎక్కువ, అంటే 20 శాతం కోత. 240 వాట్లు కాస్తా 192 అయ్యాయి, 10 ఆంపియర్లు 8 అయ్యాయి. మన 6.7 ఇందులో పడుతుంది. 7 ఆంపియర్ల యూనిట్ చాల్లే అనుకుంటే పడదు. లోపలి ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికి దాదాపు సగమవుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

ఈ యూనిట్లలో ఎక్కువ వాటికి ఫ్యాన్ ఉండదు. కింద చల్లగాలి దూరి పైన వేడిగాలి పోవాలి. కాబట్టి నిలువుగానే బిగించాలి. రైల్‌ను నిలువుగా పెట్టి యూనిట్‌ను పడుకోబెడితే ఇచ్చే శక్తి బాగా తగ్గుతుంది. పైన, కింద కనీసం 50 మి.మీ. ఖాళీ ఉంచితే చాలా మోడళ్లకు సరిపోతుంది. పక్కన 5 చాలు, వేడెక్కే పరికరం ఆనుకుని ఉంటే 15 ఇవ్వండి. మన ప్యానెళ్లలో జరిగేదేమిటంటే, డ్రాయింగ్‌లో ఖాళీ ఉంటుంది, తర్వాత ఎవరో పీవీసీ ట్రంకింగ్‌ను పైన 10 మి.మీ. దూరంలో తెచ్చి పెడతారు. వీఎఫ్‌డీకి నేరుగా పైన అసలు పెట్టవద్దు. దాని వేడిగాలినే ఇది పీల్చుకుంటుంది. జిన్నింగ్ మిల్లుల్లో, సిమెంటు ప్లాంట్లలో ప్యానెల్ ఫ్యాన్ ఫిల్టర్ మూసుకుపోతే పైన చెప్పిన లెక్కలన్నీ తప్పుతాయి.

ఇన్‌పుట్ వైపు వద్దాం. చల్లారి ఉన్న యూనిట్‌ను ఆన్ చేసిన క్షణంలో ఆ పెద్ద కెపాసిటర్ నిండడానికి 30 నుంచి 60 ఆంపియర్లు ఒక్క గుటకలో లాగవచ్చు. బీ కర్వ్ రకం ఎంసీబీ తన రేటింగ్‌కు 3 నుంచి 5 రెట్ల దగ్గరే పడిపోతుంది, సీ కర్వ్ 5 నుంచి 10 రెట్ల మధ్య పడుతుంది. 240 వాట్లకు 6 లేదా 10 ఆంపియర్ల సీ కర్వ్ సాధారణంగా సరిపోతుంది. ఒకే ఎంసీబీ కింద నాలుగు యూనిట్లు పెట్టి, పడిపోతోందని 32 ఆంపియర్లది మార్చేవాళ్లున్నారు. అప్పుడు 1.5 స్క్వేర్ (చదరపు మి.మీ.) తీగకు రక్షణ పోయినట్టే. యూనిట్‌కో ఎంసీబీ ఇవ్వండి. కొన్ని పాత మోడళ్ల పక్కన 115, 230 అని చిన్న స్విచ్ ఉంటుంది. పెట్టె విప్పగానే దాన్ని చూడాలి. 115 మీద ఉంచి 230 ఇస్తే ఠప్పుమంటుంది, అంతే.

మన ప్రాంతంలో ఒకేసారి గుంపుగా ఎస్‌ఎంపీఎస్‌లు పోయాయంటే నేను మొదట అనుమానించేది న్యూట్రల్‌నే. త్రీఫేజ్ ప్యానెల్లో సింగిల్ ఫేజ్ లోడులు మూడు ఫేజుల మీదా పంచి ఉంటాయి. న్యూట్రల్ లింక్ వదులైతే తక్కువ లోడున్న ఫేజు 230 దగ్గర ఆగదు, 415 వైపు ఎక్కుతుంది. యూనిట్ తట్టుకునేది 264 వరకే. లోపలి వేరిస్టర్ (వోల్టేజి పోటును మింగే భాగం) షార్టయి ఫ్యూజు పోతుంది, లేదా కెపాసిటర్ ఉబ్బి పగులుతుంది. ఆ ఫ్యూజు మార్చి మళ్లీ ఆన్ చేయడం వృథా, అది పోయిందంటే లోపల ఇంకేదో పోయినట్టే. న్యూట్రల్ లింకును ఏటా బిగించి చూడండి. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు గానీ సింగిల్ పోల్ ఎంసీబీ గానీ పెట్టకూడదు. ఫేజుతో కలిసి తెగే డబుల్ పోల్ అయితే ఫర్వాలేదు. ఇంకా మంచి దారి, రెండు ఫేజుల నుంచి 415/230 కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ వేసి దాని నుంచి ఇవ్వడం. అప్పుడు న్యూట్రల్‌తో పనే లేదు.

ఎర్త్ తీగ మొదట కలపాలి, చివర విప్పాలి. లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే లోహపు బాడీ దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంది, ముట్టుకుంటే జివ్వుమంటుంది. అలాంటి బాడీలు పది కలిస్తే అది ఉత్త జివ్వుమనడంతో ఆగదు.

ఇప్పుడు అవుట్‌పుట్ వైపు. అందరూ తప్పుచేసే చోటు ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. 10 ఆంపియర్ల యూనిట్ వెనక బ్రాంచీకి సీ 6, అంటే 6 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ పెట్టారు. ఏదో వాల్వు తీగ నలిగి షార్టయింది. ఎంసీబీ వెంటనే పడాలంటే ఏసీలో 60 ఆంపియర్ల దాకా కావాలి. డీసీలో దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు, అంటే 90 దాకా. మన యూనిట్ ఎంత ఇస్తుంది? మామూలుగా 11 నుంచి 15, ఆపైన చేతులెత్తేస్తుంది. ఎంసీబీ పడదు, 24 వోల్టులు మొత్తం కుప్పకూలుతుంది, పీఎల్‌సీ రీసెట్ అవుతుంది, లైను మొత్తం ఆగుతుంది. ఏ బ్రాంచీలో షార్టో చెప్పే గుర్తు ఒక్కటీ మిగలదు. పెద్ద యూనిట్ పెడితే పోతుందా? 40 మీటర్ల దూరంలో 1 స్క్వేర్ తీగ చివర షార్టు అనుకోండి. రానూ పోనూ 80 మీటర్లు, దాదాపు 1.56 ఓములు. 24ను దానితో భాగిస్తే 15 ఆంపియర్లే. వెనక లారీ బ్యాటరీ పెట్టినా అంతకన్నా రాదు. అందుకే బ్రాంచీకి 1 నుంచి 4 ఆంపియర్ల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకర్ పెట్టండి. ఖర్చు కుదరకపోతే ఫ్యూజ్ టెర్మినల్, లోడుకు తగిన చిన్న గాజు ఫ్యూజు. పీఎల్‌సీని మాత్రం వాల్వుల బ్రాంచీ మీద వేయకండి.

అదే తీగలో 2 ఆంపియర్లు పారితే 3.1 వోల్టులు దారిలోనే పోతాయి. చివర 20.9. చాలా సొలినాయిడ్లకు (వాల్వును లాగే కాయిళ్లకు) 10 శాతం తగ్గింపు వరకే ఓపిక, అంటే 21.6. మధ్యాహ్నం కాయిల్ వేడెక్కాక వాల్వు లాగదు, పొద్దున బాగానే ఉంటుంది. 2.5 స్క్వేర్ వేస్తే నష్టం 1.3 వోల్టులకు దిగి, చివర 22.7 ఉంటుంది. తీగ మార్చడానికి బద్ధకించి ముందున్న స్క్రూ తిప్పి 28 వోల్టులకు పెంచేవాళ్లకు ఒక మాట: వాట్లు పెరగవు. 28 దగ్గర ఆ యూనిట్ ఇచ్చేది 8.6 ఆంపియర్లే. దగ్గరలో ఉన్న సెన్సర్ల మీద మాత్రం ఆ ఎక్కువ వోల్టేజి పడుతుంది.

తీగ కొసలకు పిన్ లగ్గు (నొక్కి బిగించే లోహపు కొస) వేయండి. సోల్డర్ పూసి బిగించే అలవాటు మానాలి. సీసం ఒత్తిడికి మెల్లగా జారిపోతుంది, ఏడాదికి స్క్రూ వదులవుతుంది. కాయిల్ ఆపినప్పుడు వచ్చే వోల్టేజి పోటును ఆపడానికి రిలే, వాల్వు కాయిళ్లకు అడ్డంగా తిరగేసి ఒక 1ఎన్4007 డయోడు కట్టండి.

24 వోల్టుల మైనస్‌ను ఎర్త్‌కు కలపాలా వద్దా అని వాదనలు జరుగుతుంటాయి. కంట్రోల్ సర్క్యూట్లలో కలపడమే నా సలహా. కలపకపోతే ప్లస్ తీగ బాడీకి తగిలినా ఏమీ కాదు, తెలియనే తెలియదు. తర్వాత స్విచ్‌కూ కాయిల్‌కూ మధ్య తీగ కూడా బాడీకి తగిలిందంటే, ప్లస్ బాడీ గుండా వెళ్లి స్విచ్‌ను దాటేసి కాయిల్‌ను లాగుతుంది. ఎవరూ బటన్ నొక్కకుండా సిలిండర్ కదులుతుంది. మైనస్ ఎర్త్ అయి ఉంటే మొదటి తగులుడుకే రక్షణ పనిచేస్తుంది. ఒకే చోట, విప్పగలిగే లింక్‌తో కలపండి.

ఆన్ చేసే ముందు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటర్) వేస్తారు కదా, ఎస్‌ఎంపీఎస్ తీగలు విప్పి వేయండి. లేకపోతే వేరిస్టర్ వల్ల రీడింగ్ తప్పుగా వస్తుంది, అవుట్‌పుట్ మీద 500 వోల్టులు పడితే పీఎల్‌సీ కార్డులు పోతాయి. తర్వాత లోడులన్నీ విప్పి ఆన్ చేసి 24 సెట్ చేయండి. ఒక్కో బ్రాంచీ కలుపుతూ డీసీ కొలిచే టాంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టించే మీటర్‌తో) ఆంపియర్లు రాసుకోండి. పచ్చ దీపం మినుకుమినుకుమంటే యూనిట్ పోయినట్టు కాదు, షార్టో ఓవర్‌లోడో ఉంది, అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా పీఎల్‌సీ నిలవాలంటే మాత్రం ఇది చాలదు. దీని ఓపిక పూర్తి లోడులో 20 మిల్లీసెకండ్ల చుట్టుపక్కలే. డీసీ యూపీఎస్ వేరుగా పెట్టాలి.

ఏడాదికోసారి లోడు మీద వోల్టేజి చూడండి, అదే మీటర్‌ను ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి రిపుల్ (డీసీలో మిగిలిపోయిన ఏసీ అల) చూడండి. ఆ మీటర్ చెప్పేది కచ్చితమైన విలువ కాదు గానీ, అదే మీటర్‌తో నిరుటికి ఈ ఏటికి రెట్టింపయితే కెపాసిటర్లు ఎండుతున్నట్టు. అలా ఎండిన యూనిట్ నడుస్తున్నంత కాలం నడుస్తుంది. దసరా షట్‌డౌన్‌లో రెండు రోజులు చల్లారితే మళ్లీ లేవదు. షట్‌డౌన్‌కు ముందే స్పేర్ చేతిలో ఉంచుకోండి. స్టోర్స్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న స్పేర్‌ను కూడా ఏటా ఒక గంటసేపు లోడు లేకుండా ఆన్ చేసి చూసి, తేదీ రాసి మళ్లీ పెట్టండి.