బెంగళూరు వాడిన నీరు కోలారు చెరువులకు ఎలా చేరుతోంది?

[తెరపై: బెల్లందూరు శుద్ధి కేంద్రం, నురగలు కక్కుతున్న గాలి తొట్టెలు]

నమస్కారం. కావేరి నీటిని దాదాపు 100 కిలోమీటర్ల అవతలి నుంచి పంపులతో ఎక్కించి, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న బెంగళూరుకు తెస్తున్నారు. ఇంత కరెంటు పోసి తెచ్చిన నీటిలో అధికభాగం స్నానాలకూ, బట్టలకూ, గిన్నెలకూ ఒక్కసారి వాడగానే మురుగుకాలువ పాలవుతుంది. ఆ నీటికి రెండో వాడకం ఎక్కడ దొరికిందో చూడాలంటే తూర్పున ఉన్న కోలారు జిల్లాకు వెళ్లాలి.

[తెరపై: కోలారు జిల్లా పటం, గొలుసుకట్టు చెరువులు]

ఇంటిభాష తెలుగే అయిన కుటుంబాలు ఎన్నో ఉన్న ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వానలు అంతంతమాత్రం కావడంతో, పెద్దలు పల్లానికి తగినట్టు చెరువులు తవ్వి, పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరందేలా వాటిని కలిపారు. బోర్లు వచ్చాక చెరువుల ఆలనాపాలనా తగ్గింది, కాలువలు పూడిపోయాయి, వెయ్యి అడుగులు దాటి దించినా నీటిచుక్క కనిపించని బోర్లు మిగిలాయి.

2018లో బెంగళూరులోని ఒక లోయ పేరు మీద కోరమంగల–చల్లఘట్ట లోయ పథకం మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్ల శుద్ధిచేసిన మురుగునీటిని ఇక్కడి చెరువులకు చేర్చడం దీని లక్ష్యం. పంపుల పని ఈ నీరు కోలారులో మొదట చేరే లక్ష్మీసాగర చెరువు వరకే ప్రధానం. అక్కడి నుంచి నీరు చాలావరకు పల్లాన్ని బట్టి పాత కాలువల వెంటే ఒక చెరువు నుంచి మరో చెరువుకు దిగుతుంది. నా దృష్టిలో ఈ పథకంలో తెలివైన భాగం ఇదే, ఎందుకంటే తాతల నాటి పల్లపు లెక్కను కొత్త పైపులు కాదనలేదు.

[తెరపై: చెరువు అడుగు నుంచి బోరు వైపు నీరు ఇంకే బొమ్మ]

చెరువులో మోటారు పెట్టి పొలానికి నేరుగా తోడుకోవడానికి ఈ నీటిని ఇవ్వడం లేదు. నీరు చెరువులో నిలిచి, మెల్లగా భూమిలోకి ఇంకి, చుట్టుపక్కల బావుల్లోనూ బోర్లలోనూ ఊరాలన్నదే ఉద్దేశం. నీటిమట్టం పెరిగిందని బెంగళూరులోని ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) పరిశోధకులు చెప్పారు కూడా.

అయితే అసలు వివాదం శుద్ధి గురించే. ఈ నీటికి బెంగళూరులో జరుగుతున్నది రెండో దశ శుద్ధి: మురికిని తేర్చి, గాలి ఊది సూక్ష్మజీవులతో మలినాలను తినిపించి, మళ్లీ తేరుస్తారు. దీనివల్ల దుర్వాసన చాలావరకు పోతుంది గానీ, నత్రజని, భాస్వరం కొంత మిగులుతాయి, అవి చెరువులో నాచుకూ గుర్రపుడెక్కకూ ఎరువవుతాయి. 2018 జులైలోనే లక్ష్మీసాగర చెరువులో నురగ లేవడంతో సరఫరా కొంతకాలం ఆగింది, విషయం కోర్టులకు వెళ్లింది. ఇలా మిగిలిన వాటిని కూడా తీసేసే మూడో దశ శుద్ధి కావాలని కోలారు రైతులు అడగడం న్యాయమేనని నేను అనుకుంటాను. ఇంకిన నీరు చివరికి చేరేది ఊరివాళ్లు తాగే బోరులోకే గనక.

ఇంకొక చిక్కు గురించి తక్కువగా మాట్లాడుతున్నారు. బోర్లలో నీరు కనబడగానే వరి వైపు మొగ్గితే, వచ్చిన లాభం రెండు పంటల్లోనే కరిగిపోవచ్చు. అందుకే ప్రతి ఊరిలో ఒక బోరును కొలతకు కేటాయించి, నెలనెలా మట్టాన్ని పంచాయతీ గోడమీద రాసి, ఆ అంకెను చూసి మల్బరీ వేయాలా, టమాటా వేయాలా, ఎన్ని ఎకరాల్లో వేయాలి అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.