ఓడెక్కే ముందు

శ్రోతలకు నమస్కారం.

మా అత్తగారి పుట్టిల్లు కళింగపట్నం దగ్గర. ఆవిడ తాతగారు రంగం వెళ్ళి వచ్చిన మనిషి. రంగం అంటే రంగూన్. ఆ రోజుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కూలికీ వ్యాపారానికీ ఎంతోమంది కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడ ఎక్కి బర్మా వెళ్ళేవారు. పెద్ద ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసుకుని ఉండేది. జనం మసూలా పడవల్లో కెరటాలు దాటుకుని దాని దగ్గరకు వెళ్ళాలి. ఆ తాతగారు పడవ ఎక్కే ముందు ఇసుకలో కూర్చుని, పెట్టె తాళం తీసి, సామానంతా మళ్ళీ ఒకసారి చూసుకునేవారట. "కెరటం దాటీసినాక ఎనక్కి రాలేం గదా" అనేవారట.

ఆ మాట ఎంత నిజమో నేను మొదటిసారి క్రూయిజ్, అంటే విహారానికి తిప్పే ఓడ, ఎక్కినప్పుడు తెలిసింది. మా ఆయన, నేను, మా అత్తగారు విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి మీదుగా వెళ్ళి చెన్నైలో దిగాం. బస్సులో ఏదైనా మరిచిపోతే తర్వాతి ఊళ్ళో కొనుక్కోవచ్చు. రైలు తప్పితే ఇంకో రైలు ఉంటుంది. ఓడ రేవు దాటిందంటే ఆ రెండూ కుదరవు. అందుకే ఒడ్డున ఉండగా చూసుకోవాల్సిన సంగతులు కొన్ని చెబుతాను.

ముందు ఎక్కడ ఎక్కాలి, ఎప్పుడు ఎక్కాలి అన్నది. విశాఖ పోర్టులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. మనకు ఇది పెద్ద సదుపాయమే. అయితే ఓడలు ఏడాది పొడవునా రావు, కొన్ని నెలల్లో కొన్ని ట్రిప్పులే ఉంటాయి. విశాఖలో దొరకనప్పుడు చెన్నై, ముంబై, సింగపూర్ రేవులు చూసుకోవాలి. నెల విషయంలో మాత్రం తొందరపడొద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు బంగాళాఖాతం అలజడిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఏం చేశాయో మనకు వేరే చెప్పాలా? జనవరి నుంచి మార్చి వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మిగతా నెలల్లో వెళ్ళకూడదని కాదు, పెద్ద ఓడలు తట్టుకుంటాయి. కానీ అల్పపీడనం పడితే ఓడ దారి మార్చుకోవచ్చు, ఒక రేవులో అసలు ఆగకపోవచ్చు. ఆ హక్కు కంపెనీకి ఉన్నట్టు టికెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. అందుకని దిగిన మర్నాడే ఇంట్లో పెళ్ళి ముహూర్తమో, పిల్లల పరీక్షో పెట్టుకోకండి.

ఇక డబ్బు సంగతి. ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక మనిషికి. అదీ ఒక క్యాబిన్‌లో ఇద్దరు ఉంటారన్న లెక్కతో. ఒక్కరే వెళ్తే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాల్సి రావచ్చు. ఆ ధర మీద పోర్టు ఛార్జీలు, జీఎస్టీ, రాత్రికి మనిషికి ఇంత అని సిబ్బందికి ఇచ్చే టిప్పు చేరతాయి. మాకు టికెట్లు తీసిన ఏజెంటు ఈ ముక్క ముందు చెప్పలేదు. డబ్బు కట్టే రోజున లెక్క చూస్తే మేం అనుకున్నదానికి బాగా పైన ఉంది. మధ్యతరగతి ఇంట్లో ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బు అది. "అన్నీ కలిపి, చివరి పైసా దాకా ఎంత?" అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. భోజనం, టిఫిన్, కాఫీ, సాయంత్రం ప్రదర్శనలు మామూలుగా టికెట్టులోనే ఉంటాయి. మద్యం, స్పా, ప్రత్యేక రెస్టారెంట్లు, వైఫై, రేవులో దిగి ఊరు చూసే టూర్లు వేరు. ఓడలో చేతికి ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, పద్దు పుస్తకం అదే. ఏం కొన్నా దాని మీద రాసుకుంటారు. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

క్యాబిన్ల గురించి కూడా చెప్పాలి. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. తర్వాత కిటికీ ఉన్నది, ఆ పైన బాల్కనీ ఉన్నది. నా సలహా అడిగితే, మొదటిసారికి ఏ డెక్ మీద, అంటే ఏ అంతస్తులో, ఏ చోట అన్నది కిటికీ కన్నా ముఖ్యం. పిల్లలు ఆడే ఊగుబల్ల చూశారు కదా, చివర్లు పైకీ కిందికీ ఎగురుతాయి, నడుమ పెద్దగా కదలదు. ఓడ కూడా అంతే. ముందు కొసన, వెనక కొసన, పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ. నడిమధ్యలో, కింది డెక్‌లలో ఊపు తక్కువ. పెద్దవాళ్ళు ఉంటే లిఫ్టుకు దగ్గరగా అడగండి. ఓడ నడవాలు చాలా పొడుగు, అటు నుంచి ఇటు రావడానికే కాళ్ళు లాగుతాయి. ఇంకో చిన్న సంగతి. గదిలో బాత్రూమ్ దగ్గర నీళ్ళు బయటికి రాకుండా ఎత్తు గుమ్మం ఉండొచ్చు. మాకు ఇచ్చిన గదిలో జానెడు ఎత్తు ఉంది. మొదటి రాత్రి మా అత్తగారి కాలి వేలు దానికి తగిలి గోరు లేచింది. మర్నాటి నుంచి అక్కడ ఒక తెల్ల తువ్వాలు మడిచి పెట్టాను, చీకట్లో కనబడుతుందని. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పాలి.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. టెర్మినల్ దగ్గర పెద్ద పెట్టెలకు గది నంబరు ట్యాగు కట్టి మన దగ్గర తీసేసుకుంటారు. వాళ్ళే గదికి చేరుస్తారు. నేను హాయి అనుకున్నాను. మా అత్తగారి బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. మధ్యాహ్నం ఎక్కాం. సాయంత్రం అయిదు అయింది, ఆరు అయింది, పెట్టె రాలేదు. భోజనానికి ముందు వేసుకోవాల్సిన మాత్ర. నడవాలో గది గది ముందూ పెట్టెలు వరసగా పెట్టి ఉన్నాయి, అన్నీ నల్లవే, అన్నీ ఒకేలా ఉన్నాయి. వంగి వంగి ట్యాగులు చదువుతూ ఆ కొస నుంచి ఈ కొసకు రెండుసార్లు తిరిగాను. గదిలోకి వచ్చేసరికి ఆవిడ మంచం అంచున కూర్చుని ఉంది. "మాత్రల్దాని గురించి గాబరా పడకమ్మా, నాకేటీ అవదు" అంది. ఎనిమిది దాటాక పెట్టె వచ్చింది. ఆ మూడు గంటలు నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. మందులు, డాక్టరు చీటీ, ఆధార్, పాస్‌పోర్టు, కళ్ళజోడు, ఛార్జర్, ఒక జత బట్టలు, ఇవన్నీ చేతి సంచిలో ఉండాలి. మందులు ప్రయాణం ఎన్ని రోజులో అన్ని రోజులకే కాదు, ఇంకో నాలుగు రోజులకు ఎక్కువ పెట్టుకోండి. ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్, నీళ్ళు కాచే రాడ్డు సాధారణంగా ఓడలోకి రానివ్వరు, నిప్పు భయం. ఇంటి దగ్గర వండినవి కూడా చాలా ఓడల్లో ఒప్పుకోరు. ఊరగాయ జాడీ సర్దే ముందు అడిగి తెలుసుకోండి.

కడుపులో తిప్పడం అందరికీ రాదు. వచ్చేవాళ్ళకు వస్తుంది. గదిలో కూర్చున్నప్పుడు కళ్ళకు గోడ కదలనట్టే ఉంటుంది, చెవి లోపలి భాగం మాత్రం ఊపును పసిగడుతుంది. ఆ రెండూ పొసగక వచ్చే బాధ అది. ఆరుబయట డెక్ మీదికి వచ్చి, దూరంగా ఆకాశం నీళ్ళలో కలిసే గీతను చూస్తూ నిలబడితే చాలామందికి తగ్గుతుంది. ఖాళీ కడుపుతో ఉండొద్దు, నిండా తినొద్దు. అల్లం ముక్క కొందరికి బాగా పనిచేస్తుంది. మాత్ర వేసుకునేవాళ్ళు వికారం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. వాటితో మగత వస్తుంది. ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోవద్దు.

ఆరోగ్యం గురించి మన జిల్లా వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఉద్దానం వైపు, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు వింటున్నవాళ్ళ ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళూ ప్రయాణం చేయొచ్చు, కానీ డాక్టరుతో మాట్లాడాకే. ఓడలో డాక్టరు, నర్సు ఉంటారు. జ్వరానికి, దెబ్బకు, వాంతులకు చూస్తారు, దానికి డబ్బు వేరే తీసుకుంటారు. పెద్దాసుపత్రిలో ఉండే సదుపాయాలు ఉండవు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఓడలో అది దొరుకుతుందని అనుకుని బయలుదేరొద్దు. ఒళ్ళు నొప్పులని దొరికిన నొప్పి మాత్ర వేసుకోవద్దు, కిడ్నీలకు అది ఎంత చెడ్డదో మీకు తెలుసు. నెలలు నిండుతున్న గర్భిణులను, మరీ పసిపిల్లలను ఓడ కంపెనీలు ఎక్కనివ్వవు. సాధారణంగా 24 వారాలు దాటితే కుదరదు, ఆరు నెలల లోపు పాపలకూ కుదరదు. ప్రయాణ బీమా తీసుకోండి. అందులో నడిసముద్రం నుంచి ఒడ్డుకు తరలించే ఖర్చు ఉందో లేదో చదివి తీసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ శానిటైజర్‌కు సరిగా లొంగదు.

రేవుకు ముందు రోజే చేరుకోండి. విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా ఉంటుంది. పొద్దున బయలుదేరితే సరిపోదా అనిపిస్తుంది. దారిలో ఒక లారీ అడ్డం పడితే చాలు. టికెట్టు మీద ఓడ బయలుదేరే టైమ్ చూసి లెక్క వేసుకోవద్దు, గేటు దానికి గంటో గంటన్నరో ముందే మూసేస్తారు. మధ్యలో రేవుల్లో దిగి ఊరు చూసేటప్పుడూ అంతే. తిరిగి ఎక్కాల్సిన టైమ్ రాసి పెడతారు. ఓడవాళ్ళు ఏర్పాటు చేసిన టూర్‌లో వెళ్తే వాళ్ళు మన కోసం చూస్తారు. సొంతంగా ఆటో మాట్లాడుకుని వెళ్ళి ఆలస్యమైతే ఓడ ఆగదు. తర్వాతి రేవు దాకా మన ఖర్చుతో మనమే పోవాలి. సింగపూర్ వైపు వెళ్ళేవాళ్ళు గడియారం సంగతి మరవొద్దు, అక్కడ మనకన్నా రెండున్నర గంటలు ముందు. సింగపూర్‌లో ఎక్కి, వేరే దేశం చూసి, మళ్ళీ సింగపూర్‌లోనే దిగే ట్రిప్పయితే వీసా ఒక్కసారి ప్రవేశానికి తీసుకుంటే చాలదు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. మన దేశంలోనే తిరిగే ఓడకు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు సాధారణంగా సరిపోతుంది, పిల్లలది కూడా పట్టుకెళ్ళండి. మాలాగా చెన్నైలో దిగేవాళ్ళు తిరుగు రైలు ముందే చూసుకోవాలి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది. మేం బెర్తులు దొరికించుకుని ఆమదాలవలసలో దిగాం.

ఓడ కదిలే ముందు అందరినీ పిలిచి లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో, ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో చూపిస్తారు. చాలామంది ఫోటోల హడావిడిలో దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. దయచేసి అలా చేయకండి. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ రాయికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్ళకు అప్పటికి ఆ డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాతే ఓడ కదిలేముందో, కదిలిన వెంటనేనో డ్రిల్లు జరిగి తీరాలన్న నిబంధన వచ్చింది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, అదీ గుర్తు. ఆ కూత వినగానే లిఫ్టు వైపు కాదు, మెట్ల వైపు నడవాలి. మా అత్తగారికి జాకెట్ బిగించేటప్పుడు కొక్కెం ఆవిడ చేతే రెండుసార్లు పెట్టించాను.

ఒడ్డు దూరమవుతుండగా ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. లేకపోతే అది ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌ను పట్టుకుని, మీరు మాట్లాడకపోయినా బిల్లు పెంచుతుంది. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి, ఫలానా రోజు దాకా ఫోను కలవదు, కంగారు పడొద్దని. మేం ఫోన్లు కట్టేసి డెక్ మీద నిలబడ్డాం. డాల్ఫిన్స్ నోస్ కొండను ఎప్పుడూ ఊరి వైపు నుంచి చూడటమే. సముద్రం వైపు నుంచి చూస్తే అది ఎంత పెద్దదో! లైట్‌హౌస్ దీపం వెలిగేదాకా మా అత్తగారు కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. "ఓలమ్మ, మా తాత ఇలగే సూసుంటాడు గావాల" అంది.

దిగే ముందు రాత్రి పెద్ద పెట్టెలను గది బయట పెట్టమంటారు. మర్నాడు కట్టుకునే బట్టలు, మందులు ముందే తీసి పెట్టుకోండి. కార్డు మీద పద్దు ఆ రాత్రే చూసుకోండి, పొద్దున కౌంటరు దగ్గర పెద్ద వరస ఉంటుంది. దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు అనిపిస్తుంది. మామూలే, అదే పోతుంది. అంతవరకు పెద్దవాళ్ళను మెట్ల దగ్గర ఒంటరిగా వదలొద్దు. మా అత్తగారు మా ఇంటి అరుగు మెట్టు మీద ఆగి, ఇంకా ఓడలో ఉన్నట్టే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

నమస్కారం.