పాడినవారు: తెలియదు

(మహబూబ్‌నగర్‌లో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు, మళ్లీ చెప్పను. నన్ను చదివే అలవాటు గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ నెల రోజులుగా ఒక కేసెట్ నా సంచిలో తిరుగుతోంది. దాన్ని పక్కన పెట్టి ఇంకో సంగతి మాట్లాడటం నావల్ల కావడం లేదు. మన్నించాలి.

ఇదిగో, ఇదే. అరవై నిమిషాల కేసెట్, పక్కకు ముప్పై. 1987లో మా పెదనాయిన వాళ్ల చెక్క భజన బృందం హైదరాబాద్ పోయి ఒక్క రోజులో పాడి వచ్చింది. ఆరుగురు మనుషులు. కంపెనీవాళ్లు మొత్తం 1,200 రూపాయలు చేతిలో పెట్టారు. మనిషికి 200. బస్సు చార్జీలు అందులోనే. ఏదో కాగితం మీద వేలిముద్రలు తీసుకున్నారట, అందులో ఏం రాసుందో ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు.

ఆ మధ్య ఆన్‌లైన్‌లో పాత రికార్డులు అమ్మే ఒకాయన దగ్గర ఈ కేసెట్ కనబడింది. రేటు 2,800. కింద రాశాడు: "చాలా అరుదు. పాడినవారు: తెలియదు."

తెలియదట! మా పెదనాయిన బిడ్డ అచ్చంపేట దగ్గరే ఉంది. అడిగే దిక్కుంటే చెప్పేది.

ఆ అమ్మినాయన మీద నాకు కోపం లేదు. ఆయన దాచకపోతే ఈ గొంతే మిగిలేది కాదు. అసలు ఇది అరుదెందుకైంది? మన చేతులతోనే చేశాం. పాటల మీద సినిమా పాటలు ఎక్కించాం. చెడిపోయినవాటి టేపు లాగి జొన్నచేలో పిట్టలు వాలకుండా గుంజలకు కట్టాం. గాలికి గుయ్యిమని మోగేది, గుర్తుందా? ఎవరి పాట అలా చేను చుట్టూ కట్టామో.

నాకు కడుపు మండేది ఇంకోచోట. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణలో 53ఏ అనే సెక్షన్ చేర్చారు. ఒక చిత్రకారుడి అసలు బొమ్మ మళ్లీ పదివేలకు పైన అమ్ముడుపోతే, గీసినాయనకో వారసులకో పది శాతం దాకా వాటా అడిగే హక్కు ఉంది. శిల్పానికి ఉంది. పాట రాసుకున్న అసలు రాతప్రతికీ ఉంది. పాడిన కేసెట్‌కు, రికార్డుకు లేదు. 2012 సవరణతో పాడినవాళ్లకు రాయల్టీ హక్కు వచ్చింది నిజమే, అది పాటను వ్యాపారానికి వాడుకున్నప్పటి మాట. పాత కేసెట్ చేతులు మారితే పైసా రాదు.

ఆ పదివేల హద్దు పక్కన పెట్టి, ఊరికే లెక్కకు చూసినా ఈ 2,800లో పది శాతమంటే 280. లెక్క చూడండి. ఆరుగురూ పంచుకోవాల్సిందే అయినా, పాడిన రోజు ఒక మనిషికి ముట్టిన 200 కంటే ఎక్కువ.

డబ్బు కూడా వదిలేస్తాను. పేరు? 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని గ్రామఫోన్‌కు పాడినప్పుడు, పాట చివర "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్లకు ఏది ఎవరిదో తెలియాలి కదా. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ పేరు ఆ పాటతోనే ఉంది. మన కేసెట్ అట్ట మీద ఏముంది? ముందు పాడినాయన ఇంటిపేరు, పక్కన "బృందం". మా పెదనాయిన ఆ బృందంలో ఉన్నాడు. మన జిల్లాల నుంచే 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. బృందంలో ఉన్నవాళ్ల సంగతేమిటి?

కేసెట్ కొన్నాను. అక్క దగ్గరికి తీసుకుపోయాను. ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు, ఊళ్లో మూడిళ్లు తిరిగితే ఒకటి దొరికింది. టేపు మీద తెల్లగా బూజు. పెన్సిల్ పెట్టి ముందుకో వెనక్కో మెల్లగా తిప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాం. ముందు గరగర. తర్వాత చెక్కల చప్పుడు, ముందు పాడే గొంతు. అక్క కదల్లేదు. వంత అందుకోగానే చేయి ఎత్తింది.

"ఆగు. ఆ వెనకాల బొంగురు గొంతుందే, అదే మా నాయిన."

ఆయన పోయి పందొమ్మిదేళ్లు. ఆమె దగ్గర ఆయన ఫోటో ఒక్కటే ఉంది, గొంతు లేదు. ఆ మధ్యాహ్నం నాలుగుసార్లు వేయించుకుంది. అయిదోసారి టేపు చుట్టుకుపోతుందని నేనే భయపడి ఆపాను.

అయ్యా, అమ్మా, మిమ్మల్ని అడుగుతున్నాను. కేసెట్లు, రికార్డులు దాచిపెట్టుకున్నవాళ్లు ఇక్కడ తప్పకుండా ఉంటారు. అమ్ముకోండి, నేను వద్దనను. అమ్మే ముందు ఒక పని చేయండి. ఊరు పేరు పట్టుకుని పాడినవాళ్ల ఇల్లు వెతకండి. పాట ఫోన్‌లోకి ఎక్కించి వాళ్ల పిల్లలకు పంపండి. ఒక చీటీ మీద ఆరుగురి పేర్లూ రాసి డబ్బాలో పెట్టండి. వంత పాడినవాళ్లవి, తాళం వేసినవాళ్లవి కూడా.

తలుపు దగ్గర బల్ల మీద నోట్‌బుక్ పెట్టాను. మొదటి పేజీలో మా పెదనాయిన వాళ్ల ఆరుగురి పేర్లు రాశాను, నాలుగో పేరు దగ్గర ఖాళీ ఉంది. అక్కకు గుర్తురాలేదు. డోలక్ వాయించేవాడు, ఎడమచేతివాటం. ఉప్పునుంతల వైపు మనిషని మాత్రం తెలుసు. ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే పోయేముందు ఒకసారి నా దగ్గరికి రండి.