లైట్లు అప్పుడే వెయ్యకండి

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు, పేరుపేరునా చెప్పుకోవాలి. నాకిచ్చింది పది నిమిషాలే కాబట్టి క్షమించండి.

మన విజయనగరం సినిమా హాళ్ళలో ముప్పయ్యేళ్ళు బొమ్మ వేసే ఆపరేటర్‌గా చేశాను. ఈరోజు వేస్తున్న బొమ్మ 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. 1968లో అమెరికాలో, పిట్స్‌బర్గ్ కుర్రాళ్ళు తీశారు. డైరెక్టర్ జార్జ్ రొమేరో. పదిమంది తలా 600 డాలర్లు వేసుకుని మొదలుపెడితే, ఖర్చు లక్షా 14 వేల దాకా పోయింది. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. రక్తం కోసం చాక్లెట్ సిరప్ వాడారు. నలుపు తెలుపు బొమ్మలో ఎవరు పోల్చగలరు?

చచ్చినవాళ్ళు లేచి వస్తుంటే ఒక పల్లెటూరి ఇంట్లో ఏడుగురు చిక్కుకుంటారు. నేలమాళిగలో దాక్కుందామని ఒకాయన, కిటికీలకు చెక్కలు కొట్టి పైనే ఉందామని బెన్. దెయ్యాలకంటే ఆ తగువే భయపెడుతుంది. బెన్‌గా వేసింది డ్యూయేన్ జోన్స్, నల్లజాతి నటుడు. ఆ పాత్రను నల్లవాడి కోసమని రాయలేదు. ఆడిషన్‌లో అతనే బాగా చేశాడని ఇచ్చారు, అంతే.

ముగింపు చెప్పేస్తున్నాను, కోప్పడకండి. అది చెప్పకపోతే నేను వచ్చిన పని అవదు. తెల్లారేసరికి బెన్ ఒక్కడే మిగులుతాడు. తుపాకులతో జనం వస్తారు. చప్పుడు విని అతను కిటికీలోంచి చూస్తాడు. వాళ్ళు అతన్నీ దెయ్యమే అనుకుని కాల్చేస్తారు. ఆ తర్వాత పేపర్లో పడ్డ ఫొటోల్లాంటి బొమ్మలు వరసగా వస్తాయి. కొక్కేలు పట్టుకున్న మనుషులు, శవాల కుప్ప, అందులో బెన్.

పూర్తయిన ప్రింటు కారు డిక్కీలో పెట్టుకుని రొమేరో న్యూయార్క్ బయల్దేరిన రాత్రి ఏప్రిల్ 4. దారిలో రేడియోలో వార్త, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపేశారని. ఆ రీలు అప్పటికే డబ్బాలో ఉంది. కొత్తగా కలిపింది ఏమీ లేదు. అక్టోబరులో విడుదలయ్యాక ఆ ఫొటోలు చూసినవాళ్ళకు ఏం గుర్తొచ్చి ఉంటుందో మీరే ఆలోచించండి.

నేను ఆపరేటర్‌గా ఉండగా ఈ బొమ్మ మన హాలుకొచ్చి ఉంటే, ఆ ఫొటోలు మీరెవరూ చూసేవారు కాదు. నేనే ఆపేసేవాణ్ణి. కథ అయిపోగానే జనం లేచేవారు, గేట్లు తీసేవారు, బయట రెండో ఆట జనం తోసుకునేవారు. "ఇంకెంతసేపయ్యా!" అని కింద నుంచి కేక. నేను లైట్లు వేసేసి మిషను ఆపేసేవాణ్ణి. రీలు మీద ఇంకా రెండు మూడు నిమిషాల బొమ్మ మిగిలే ఉండేది.

ఒక రాత్రి క్యాబిన్ మెట్ల మీదకి ఒకావిడ వచ్చింది. చంకలో నిద్రపోతున్న పిల్ల. "మా తమ్ముడు మద్రాసులో లైట్లు మోస్తాడు బాబూ. ఆఖర్న పేరు పడతాదన్నాడు. పడకుండానే ఆపేసినారు" అంది. రెండో ఆట అయ్యాక వేసి చూపిస్తానమ్మా అన్నాను. సాలూరు బస్సు పోతుందని వెళ్ళిపోయింది. ఆ రాత్రి రెండో ఆట అయ్యాక ఖాళీ హాల్లో ఆ టైటిళ్ళు నేనొక్కణ్ణే చూశాను. లైట్లవాళ్ళ పేర్లు ఏడెనిమిది ఉన్నాయి. అందులో తమ్ముడెవరో ఎలా తెలుస్తుంది? ఆవిడను పేరైనా అడగలేదు.

ఈ బొమ్మకీ అలాంటిదే జరిగింది. ముందు వేరే పేరు పెట్టుకున్నారు, చివర్లో మార్చారు. పాత టైటిల్ కార్డు మీద కాపీరైట్ లైను ఉండేది. కొత్త కార్డు మీద వెయ్యడం మరిచారు. అక్కడి అప్పటి చట్టం ప్రకారం ఆ లైను లేకపోతే హక్కు లేదు. ఎవరు పడితే వాళ్ళు ప్రింట్లు వేసి అమ్ముకున్నారు, తీసినవాళ్ళకు రావలసింది రాలేదు. మనం ఈరోజు పైసా కట్టకుండా వేస్తున్నదీ అందుకే. ఉచితం అని ఇందాక ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

అయ్యా, అమ్మా, బెన్ పడిపోగానే లేవకండి. చెప్పులు వెతుక్కోకండి. స్విచ్ బోర్డు దగ్గరున్న బాబూ, నీకే చెబుతున్నాను. ఫొటోలు వస్తాయి, తర్వాత మంట అంటుకుంటుంది. అప్పుడు కూడా కాదు. తెర పూర్తిగా నల్లబడ్డాక, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు వెయ్యి లైట్లు.

ఇక బొమ్మ వెయ్యండి.